ఖాళీగా తోస్తే ప్రతి బండీ బాగానే నడుస్తుంది

ప్రశ్న: మా పాపకి నాలుగు నెలలు. రోజూ బయటికి తీసుకెళ్ళడానికి ఒక మామూలు ప్రామ్, అదే పిల్లల్ని తోసుకెళ్ళే బండి, కొందామని నెల రోజులుగా చూస్తున్నాను. ఖరీదైనది కొనే ఉద్దేశం లేదు, కొనలేం కూడా. చవకలో ఒకటి నచ్చింది. 7 కిలోలు, గొడుగులా ముడుచుకుంటుంది, సీటు సగం దాకా వెనక్కి వాలుతుంది, 15 కిలోల బరువు దాకా వాడొచ్చని రాశారు. కొన్నవాళ్ళలో కొందరు బ్రహ్మాండం అంటున్నారు, కొందరు మూడు నెలలకే చక్రం ఊడిందంటున్నారు. మేముండేది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా ఆయన "చక్రాలుంటే చాలు, ఏదైనా ఒకటే" అంటారు. మా అత్తయ్య "చేతులుండగా బండెందుకు" అంటారు. నాకేమో చవకది కొంటే పాపకేమన్నా అవుతుందేమోనని టెన్షన్. చవక బండి మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి గానీ ఎక్కువమంది కంపెనీ పేరు, రంగు రాసి ఊరుకుంటారు. మీరు పాప వయసు, మెట్ల సంగతి రాశారు. నా జవాబులో సగం వాటి మీదే ఆధారపడి ఉంది కాబట్టి మీ పని, నా పని రెండూ తేలికయ్యాయి.

ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. చవక బండి అంటే ప్రమాదం, ఖరీదు బండి అంటే భద్రం అనే లెక్క లేదండీ. పిల్లల బండ్లకి రాసిపెట్టిన ప్రమాణాలున్నాయి, యూరప్‌లో ఇ.ఎన్. 1888, అమెరికాలో ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్833 అని. బ్రేకు వేశాక వాలు మీద నిలబడుతుందా, మడత లాక్ దానంతటది ఊడుతుందా, పక్కకి ఒరిగిపోతుందా, బెల్టు పట్టు వదులుతుందా, ఇలాంటివన్నీ వాటిలో పరీక్షిస్తారు, ఆ పరీక్షలు చవకదానికీ ఖరీదుదానికీ ఒకటే. మీరు ఎక్కువ పెట్టే డబ్బు చాలావరకు తేలికైన లోహానికి, మెత్తటి గుడ్డకి, తోసేటప్పుడు ఉండే సుఖానికి, కొంత పేరుకి పోతుంది. సుఖం అక్కర్లేదని నేననను, రోజూ తోసేవాళ్ళకి అదీ అవసరమే. కాకపోతే అది మీ చేతులకి సంబంధించిన సంగతి, పాప ప్రాణానికి సంబంధించింది కాదు. కాబట్టి మీరు చూసిన బండి మీద గానీ, దాంతో వచ్చే పుస్తకంలో గానీ ఈ ప్రమాణాల్లో ఏదో ఒకదాని నంబరు ఉందేమో చూడండి. ఎక్కడా ఏ నంబరూ లేకపోతే, ఎంత చవకైనా వదిలేయండి.

ఇక అసలు పరీక్ష. షాపులో బండి ఖాళీగా ఉంటుంది, నేల అద్దంలా నున్నగా ఉంటుంది, మనం నాలుగడుగులు తోసి "అబ్బ, ఎంత తేలిగ్గా పోతోందో" అనుకుని డబ్బులు కట్టేస్తాం. నేనూ మా మొదటి బిడ్డకి అలాగే కొన్నాను. ఇంటికొచ్చి బిడ్డని కూర్చోబెట్టి వీధిలోకి దిగాక తెలిసింది, ముందు చక్రాలు రెండూ చెరో దారి పడుతున్నాయని, ఒక చేత్తో తోస్తే బండి గుండ్రంగా తిరుగుతోందని. దాని పళ్ళెంలో పాటలు పాడే బొమ్మ ఒకటుండేది, అది మాత్రం రెండేళ్ళు నిక్షేపంగా పాడింది. అందుకే చెప్తున్నా, మీరు వెళ్ళేటప్పుడు ఒక సంచిలో పుస్తకాలో నీళ్ళ సీసాలో తొమ్మిది పది కిలోలు పట్టుకెళ్ళండి, అంటే ఏడాది దాటిన పిల్ల బరువు. ఆ సంచిని సీట్లో పెట్టి, బెల్టు బిగించి, అప్పుడు తోయండి. షాపువాళ్ళు వింతగా చూస్తే చూడనివ్వండి. ఒక చేత్తో తిన్నగా పోతుందా? గుమ్మం దగ్గర ముందు చక్రాలు లేపాలంటే హ్యాండిల్ మీద ఎంత బలంగా నొక్కాలి? మలుపు తిప్పేటప్పుడు ఫ్రేము మెలికపడి కిర్రుమంటోందా? ఈ మూడూ చూశారంటే వంద మంది అభిప్రాయాలు చదివినా తెలియనిది అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటున్నా ఇదే పని ఇంట్లో చేయండి, అట్టపెట్టె పారేయకుండా, వాపసు ఇచ్చే గడువు దాటకుండా.

ఎవరెవరు తోస్తారో వాళ్ళందరి చేతా తోయించండి. హ్యాండిల్ మోచేతుల కంటే కాస్త కిందుగా ఉంటే హాయిగా ఉంటుంది. గొడుగు మడత బండ్లలో చాలావాటికి హ్యాండిల్ ఎత్తు మార్చుకునే వీలుండదు, పొడుగు మనిషైతే నడుం వంచి తోయాలి, పైగా అడుగు తీసి అడుగేసినప్పుడల్లా కాలు వెనక ఇరుసుకి తగులుతుంది. రోజుకి అరగంట అలా నడిస్తే బండి అంటేనే విసుగొచ్చేస్తుంది.

చక్రాల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చవక బండ్లలో ముందుగా కక్కుర్తిపడేది అక్కడే. చక్రం ఎంత పెద్దదైతే గతుకుని అంత తేలిగ్గా ఎక్కేస్తుంది. చిన్న చక్రం అదే గతుక్కి ఢీకొని ఆగిపోతుంది, ఆ కుదుపు మొత్తం పాపకి, మన మణికట్టుకి చేరుతుంది. మీరు నడిచే దారి చదునుగా ఉంటే చిన్న చక్రాలతో పేచీ లేదు. రాళ్ళు, పగుళ్ళు, మట్టి ఉంటే మాత్రం రెండు కిలోల బరువు ఎక్కువైనా సరే పెద్ద చక్రాలున్నదే నయం. గట్టి ప్లాస్టిక్ చక్రం గడగడలాడుతూ చప్పుడు చేస్తుంది, గాలి చక్రం మెత్తగా పోతుంది గానీ పంక్చరవుతుంది, గాలి కొట్టే పంపొకటి ఇంట్లో ఉండాలి. రోజువారీ వాడకానికి నా ఓటు ఫోమ్ చక్రానికే, అంటే గాలి బదులు గట్టి స్పాంజి లాంటిది ఉండేదానికి, బరువు తక్కువ, పంక్చర్ గొడవ ఉండదు. ముందు చక్రాలు అటూ ఇటూ తిరిగేవైతే వాటిని తిన్నగా బిగించి ఉంచే లాక్ ఉందో లేదో చూడండి. గతుకుల దారిలో ఆ లాక్ వేయకపోతే చక్రాలు తలలూపుతూనే ఉంటాయి.

ఒక్కో చక్రాన్నీ చేత్తో పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. కాస్త కదలిక ఉంటుంది, అది మామూలే, టకటకమని కొట్టుకుంటుంటే మాత్రం కొనకండి. మూడు నెలలకే చక్రం ఊడిందన్నారు కదా, అందులో బండి తప్పు ఉండొచ్చు, బిగించినవాళ్ళ తప్పూ ఉండొచ్చు. చాలా బండ్లు చక్రాలు విడిగా వస్తాయి, మనమే లోపలికి నొక్కి పెట్టుకోవాలి, క్లిక్‌మని చప్పుడు వచ్చేదాకా నొక్కకపోతే కొన్నాళ్ళు బాగానే తిరిగి ఒకరోజు దారిలో ఊడొస్తుంది. పెట్టాక గట్టిగా బయటికి లాగి చూడాలి, నెలకోసారి మళ్ళీ లాగి చూడాలి. అభిప్రాయాలు చదివేటప్పుడు కూడా ఇలాగే చదవండి. పెట్టె విప్పిన రోజే పొగిడినవాళ్ళని పక్కనపెట్టి, ఆరు నెలలో ఏడాదో వాడాక రాసినవాళ్ళని వెతకండి, ఒకే భాగం పాడైందని పదిమంది రాస్తే అది నమ్మాల్సిన మాట. ఒకరు చక్రం అని, ఇంకొకరు గుడ్డ అని, మరొకరు రంగు అని తలో మాటా అంటుంటే దాన్ని మరీ పట్టించుకోకండి.

బ్రేకు. కొన్నిటికి వెనక రెండు చక్రాలకీ విడివిడిగా రెండు పెడళ్ళుంటాయి, కొన్నిటికి ఒక్క పెడల్ తొక్కితే రెండూ పడతాయి. ఒక్క పెడల్ ఉన్నదే తీసుకోండి, రెండున్నప్పుడు మనుషులం ఒకటే తొక్కి ఊరుకుంటాం. మీ సంచి సీట్లో ఉండగానే బ్రేకు వేసి, ముందుకీ వెనక్కీ గట్టిగా తోయండి. వీలైతే వాలు మీద కూడా చూడండి, ఒక చెయ్యి దగ్గరే పెట్టుకుని. బ్రేకు తీయడానికి కాలి వేళ్ళతో పైకి లేపాల్సిన రకం ఉంటుంది, చెప్పులేసుకున్న కాలికి అది నరకం, ఒకసారి మీ రోజువారీ చెప్పులతోనే ప్రయత్నించండి. ఇంకో మాట, చదునుగా కనిపించే నేలను కూడా చాలాచోట్ల నీళ్ళు పోవడానికి కొంచెం వాలుగానే కడతారు. హ్యాండిల్ మీంచి చెయ్యి తీశారంటే బ్రేకు పడాల్సిందే, అర నిమిషమైనా సరే.

బెల్టు విషయంలో బేరం లేదు. భుజాల మీద రెండు, నడుముకి రెండు, కాళ్ళ మధ్య నుంచి ఒకటి, మొత్తం అయిదు పట్టీలుండాలి. కాళ్ళ మధ్య పట్టీ ఎందుకంటే, అది లేకపోతే నిద్రలో పిల్ల మెల్లగా కిందికి జారుతుంది, కాళ్ళు ముందున్న ఖాళీలోంచి దిగిపోయి మెడ దగ్గర చిక్కుకుంటుంది. ఇలా జారి ప్రాణాలు పోయిన పిల్లలున్నారు, భయపెట్టడానికి చెప్పట్లేదు, నిద్రపోయింది కదా పాపం అని బెల్టు వదులు చేసేవాళ్ళని చాలామందిని చూశాను కాబట్టి చెప్తున్నా. భుజం పట్టీ ఎత్తు మార్చుకునే వీలుండాలి, పిల్ల పెరుగుతుంది గానీ బండి పెరగదు కదా.

ఇప్పుడు మీరు చూసిన బండి సంగతి, మీ అత్తయ్యగారి సంగతి కలిపి చెప్తాను. సీటు సగం దాకానే వాలుతుందన్నారు. నాలుగు నెలల పాపకి అది ఇప్పుడే వద్దు. ఆ వయసులో మెడ, వీపు ఇంకా పూర్తిగా నిలబడవు, సగం కూర్చున్నట్టున్న సీట్లో నిద్రపోతే గడ్డం ఛాతీ మీదికి వాలిపోయి ఊపిరి దారి నొక్కుకుపోతుంది. పుట్టినప్పటి నుంచి సుమారు ఆరు నెలల దాకా, అంటే తనంతట తాను కూర్చోగలిగేదాకా, పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టే వీలున్న బండే వాడాలి. సగం వాలే బండ్ల మీద తయారుచేసినవాళ్ళే "ఆరు నెలలు నిండాక" అని రాస్తారు, మీరు చూసిన దానిమీద ఏం రాశారో చదవండి. కాబట్టి మీకు రెండు దారులు. పూర్తిగా వాలేది ఇప్పుడే కొనడం, అది కాస్త బరువుంటుంది, పదికిలోల పైమాటే కావచ్చు. లేదా ఇంకో రెండు నెలలు ఓపిక పట్టడం, ఈలోపు మీ అత్తయ్యగారన్నట్టు చేతులున్నాయి, ఒంటికి కట్టుకునే క్యారియర్ ఉంది, అందులో పాప మొహం మీకు కనిపించేలా, గడ్డం ఛాతీకి ఆనకుండా పెట్టుకుని తిరగొచ్చు. లిఫ్ట్ లేని ఇంట్లో నేనైతే రెండో దారే పట్టేదాన్ని. మీ అత్తయ్యగారికి మాత్రం ఆవిడ మాటే నెగ్గిందని చెప్పండి, రెండు నెలల తర్వాత బండి వచ్చినప్పుడు పెద్దగా పేచీ ఉండదు.

ఆరు నెలలకి పాప సుమారు ఏడున్నర కిలోలుంటుంది అనుకుందాం. బండి ఏడు, మొత్తం పద్నాలుగున్నర, సంచీ అదనం. ఏడాది నిండేసరికి ఇంకో కిలోన్నర కలుపుకోండి. రోజూ రెండంతస్తులు ఇంత మోయడం సంగతి పక్కనపెట్టండి, పాపని కూర్చోబెట్టి బండిని మెట్ల మీద ఎత్తుకెళ్ళడం అసలు చేయకూడని పని, జారితే పట్టుకోడానికి ఏ చెయ్యీ ఖాళీ ఉండదు. ఎస్కలేటర్ కూడా అంతే, బండితో ఎక్కకండి. కింద మెట్ల దగ్గర బండిని తాళం వేసి పెట్టే చోటు దొరుకుతుందేమో ఇంటివాళ్ళని ముందే అడగండి. అది దొరికిందంటే బరువు లెక్క మారిపోతుంది, పెద్ద చక్రాల బండి కూడా మీ జాబితాలోకి వస్తుంది. దొరకలేదా, అప్పుడు ఏడు కిలోల గొడుగు బండే మీకు సరైనది, కాస్త చిన్న చక్రాలతో సర్దుకోవాలి.

ఈ గొడుగు మడతకో చిన్న కథ ఉంది. దాన్ని 1965లో తయారుచేసింది ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలకి కింద చక్రాల చట్రం రూపొందించిన మనిషి. ఆయన కూతురు మనవరాలిని తీసుకుని వచ్చినప్పుడు పాత రకం బరువు బండితో అవస్థపడటం చూసి, విమానం చక్రాలు ముడుచుకున్నట్టే ముడుచుకునే అల్యూమినియం బండిని చేశాడు, అది మూడు కిలోల లోపే ఉండేది. అంత తెలివైన మడతకీ ఒక చెడ్డ గుణముంది, కీళ్ళు. 2009లో ఆ పేరుతో నడిచే కంపెనీయే అమెరికాలో అమ్మిన సుమారు పది లక్షల బండ్లని వెనక్కి పిలిచింది, బండి విప్పేటప్పుడు పక్కనున్న కీలులో వేలు పెట్టి పన్నెండు మంది పిల్లల వేలి కొసలు తెగాయి, ఆ తర్వాత కీళ్ళ మీద తొడుగులు ఇచ్చారు. పేరున్న కంపెనీకే అది జరిగింది. అందుకని మీరు కొనేది ఎంతదైనా, విప్పేటప్పుడు కీళ్ళు కత్తెరలా దగ్గరయ్యే చోటు ఎక్కడుందో చూడండి, దానికి కప్పు ఉందో లేదో చూడండి, పిల్ల మీకు చేతికందని దూరంలో ఉన్నప్పుడే విప్పండి, మూయండి. విప్పాక లాక్ పడిందా లేదా అని హ్యాండిల్ నొక్కి చూసుకోండి. ఒక లాక్ తప్పితే పట్టుకునే రెండో లాక్ కూడా ఉండాలి, లేకపోతే తీసుకోకండి.

15 కిలోలు అని రాశారు. అది చాలు. పిల్లలు మూడేళ్ళు దాటి మూడున్నరకి దగ్గరయ్యేసరికి గానీ అంత బరువుకి రారు, అప్పటికి చాలామంది బండిలో కూర్చోమన్నా కూర్చోరు. 22 కిలోల రకాలూ ఉన్నాయి, పెద్ద పిల్లల్ని ఇంకా బండిలో తిప్పాల్సిన అవసరం ఉంటే తప్ప వాటికోసం డబ్బు ఎక్కువ పెట్టకండి. బరువు కంటే ముందు ఎత్తు అడ్డమొస్తుంది, తల పైన టాప్‌కి తగులుతుంది, కాళ్ళు కింద వేలాడతాయి, కాబట్టి సీటు వీపు ఎంత పొడుగుందో ఒకసారి చూసుకోండి.

కాఫీ కప్పు పెట్టుకునే గూడు, బొమ్మల పళ్ళెం, దోమతెర, కాళ్ళకి తొడుగు, ఇవన్నీ ఉచితం అంటే తీసుకోండి, వాటిని చూసి మాత్రం కొనకండి. కింద బుట్ట మాత్రం పెద్దదిగా, వెనక నుంచి చెయ్యి పట్టేలా ఉండాలి. ఎందుకంటే బుట్ట చాలకపోతే సంచులు హ్యాండిల్‌కి తగిలిస్తాం. నేనూ తగిలించాను. బిడ్డ కూర్చున్నంతసేపూ ఏమీ కాలేదు, ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కి బోర్లాపడింది, సంచిలోవన్నీ రోడ్డు మీద దొర్లాయి. బిడ్డ చేతిలో ఉంది కాబట్టి నవ్వుకున్నాం. తేలిక బండి అయితే బిడ్డ ఉండగానే పడొచ్చు, కాబట్టి హ్యాండిల్‌కి ఏమీ తగిలించకండి.

ఎండ కోసం టాప్ ముందుకి బాగా వచ్చేది చూడండి. అది చాలక దాని మీద గుడ్డ కప్పేస్తుంటారు, పలుచటి గుడ్డే కదా అని. లోపల గాలి ఆడదు, వేడి త్వరగా పెరిగిపోతుంది, పైగా పాప ఎలా ఉందో మీకు కనిపించదు. గొడుగు బిగించుకోండి, లేదా ఎండ తగ్గాక వెళ్ళండి.

వాడిన బండి దొరికితే తప్పకుండా చూడండి, డబ్బు తక్కువున్నప్పుడు నాసిరకం కొత్తదాని కంటే గట్టి పాతది మేలు. లోపం ఉందని ఆ మోడల్‌ని కంపెనీ వెనక్కి పిలిచిందేమో పేరుతో వెతికి, ఫ్రేములో పగుళ్ళు, బెల్టు కుట్లు, బకిల్ పట్టు, బ్రేకు చూసుకుంటే సరిపోతుంది. గుడ్డ మాసిపోతే ఉతుక్కోవచ్చు. చక్రాలు కిర్రుమంటే చుట్టుకున్న జుట్టు, దారాలు తీసేసి సిలికాన్ స్ప్రే కొట్టండి, వంటనూనె పోస్తే దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది.

కొనడానికి వెళ్ళే రోజు మీ ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. పుస్తకాల సంచి ఒక చేతికిచ్చి, మడిచిన బండి ఇంకో చేతికిచ్చి, షాపులో మెట్లుంటే రెండంతస్తులు ఎక్కమనండి. పైకెళ్ళాక కూడా "ఏదైనా ఒకటే" అంటారేమో నాకు రాయండి.